రేపటి పిన్ని అప్పీలు

ఆ వీధిలో రొట్టెల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ చేత్తో చూపించరు. "ముక్కు ఎటు లాగితే అటు పో" అంటారు. వాసన పట్టుకుని వెళ్తే ఒక పాత ఇటుక గోడ, దాని పక్కనే పచ్చరంగు తలుపు, లోపల బల్ల వెనక మోచేతుల దాకా పిండి పూసుకున్న ఒక పెద్దావిడ కనిపిస్తారు. ఆవిడే రేపటి పిన్ని.

ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. రొట్టెల పని చేసేవాళ్ళకి రోజు మనకి మల్లే పొద్దున్న మొదలవదు. మధ్యాహ్నం పిండి తొట్టెలో నీళ్ళు పోశారంటే వాళ్ళకి తెల్లారినట్టే. అప్పుడు కలిపిన పిండి రాత్రంతా పొంగుతుంది, తెల్లవారుజామున బట్టీలో కాలుతుంది, మర్నాడు అమ్ముడుపోతుంది. కాబట్టి ఆ పిండి మర్నాటిది. అందులో వేసిన ఉప్పు మర్నాటిది. ఆ తర్వాత కొట్టుకొచ్చిన మనిషీ, విన్న కబురూ, పడ్డ వానా అన్నీ మర్నాటివే. తొట్టె పక్కన గోడకి ఒక పలక వేలాడుతుంటుంది. తొట్టెలో నీళ్ళు పడగానే దాని మీద పాత తారీఖు చెరిపి కొత్త తారీఖు రాయాలని పిన్నికి అత్తగారు నేర్పిన మొదటి పాఠం. "నిన్నటి రొట్టెని ఇవాళ్టిదని అమ్మడం కంటే పాపం లేదమ్మాయ్" అనేదట ఆ మహాతల్లి. అత్తగారు పోయినా ఆ మాట పోలేదు.

ఆ అలవాటు పిన్ని ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, సాయంత్రం పూట పుట్టిన కూతురికి చాలాకాలం పుట్టినరోజు ఒకరోజు ఆలస్యంగా చేసింది. బడిలో చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఆసుపత్రి కాగితం చూసి మాస్టారు నవ్వితే, "పుట్టింది మరి రేపటి పిండి కలిపాకే కదండీ" అందట. అప్పట్నించి వీధి మొత్తానికి ఆవిడ రేపటి పిన్ని అయిపోయింది. పిలిస్తే పలుకుతుంది, నవ్వుతుంది కూడా.

పిన్ని గురించి చెడ్డ మాట చెప్పేవాళ్ళు ఆ వీధిలో లేరు. తెల్లవారుజామున బట్టీ తలుపు తీసే ముందు కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఎవరికి ఆకలేసినా వాళ్ళ దారి నా కొట్టు మీదుగా తిప్పు" అంటుంది. అలా తిరిగి వచ్చినవాళ్ళలో చేతిలో ఏమీ లేనివాళ్ళు ఉంటే, "ఇది కాస్త మాడింది, ఎవరూ కొనరు, తీసుకుపోయి పుణ్యం కట్టుకో నాయనా" అని బంగారంలాంటి రొట్టె కాగితంలో చుట్టి ఇస్తుంది. మాడిన రొట్టె ఆ కొట్టులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

గోడకి అటుపక్క లాండ్రీ. దాన్ని నడిపే పెద్దమనిషి గంజి పెట్టిన చొక్కాలా నిటారుగా నడుస్తాడు. పిన్ని ఆయన్ని అన్నయ్యా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. పొద్దున్నే గోడ మీద పళ్ళెంలో వేడి బన్నులు పెట్టడం పిన్ని అలవాటు. పిండి మరకల ఏప్రన్లు ఉతికి, ఇస్త్రీ చేసి అదే గోడ మీద పెట్టడం ఆయన అలవాటు. ఎదురుగా గడియారాలు బాగుచేసే తాత వీళ్ళిద్దర్నీ చూసి, "నిన్నటి మురికి వదిలించడం ఆయన పని, రేపటి ఆకలి తీర్చడం ఈవిడ పని. ఇవాళ్టిని పట్టించుకునే నాథుడు ఆ గోడకి అటూ లేడు, ఇటూ లేడు" అంటుండేవాడు.

అలాంటి గోడ మీదకి పొగ వచ్చింది.

పొగ ఎప్పుడూ ఉన్నదే. కానీ లాండ్రీ అన్నయ్యకి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని దొరికింది. తెల్లటి దుప్పట్లు. మేడ మీద తీగల నిండా ఆరేస్తే, గాలి ఇటు తిరిగిన రోజున పిన్ని బట్టీ గొట్టంలోంచి మసి వెళ్ళి వాటి మీద వాలేది. రెండుసార్లు మర్యాదగా చెప్పాడు. మూడోసారి కాస్త గొంతు పెంచి చెప్పాడు. ఆ రోజు పిన్నికి పిండి పొంగక చిరాగ్గా ఉంది. "తెల్లవి తెల్లగా ఉతకడం చేతకాక నా పొగ మీద పడతావేంటన్నయ్యా?" అనేసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కానీ అన్నమాట కాలిన రొట్టెలాంటిది, మళ్ళీ పిండి కాదు.

ఆయన కోర్టుకెళ్ళాడు. వాయిదాలు నడిచాయి. చివరికి కింది కోర్టు లాండ్రీ వైపు తీర్పు చెప్పింది. బట్టీ ఆర్పెయ్యాలి. అప్పీలుకి ముప్పై రోజుల గడువు. అంతదాకా బట్టీ వెలిగించుకోవచ్చు, ఆ లోగా పై కోర్టుకి వెళ్ళకపోతే ఇక బట్టీ వెలగడానికి వీల్లేదు. గొట్టం ఎత్తు పెంచుకుంటాను, మసి పడకుండా చూసుకుంటానని పిన్ని చెప్పుకున్న మాట తీర్పులో ఎక్కడా లేదు. "అదే మన బలం. అప్పీల్లో అదే పట్టుకుందాం" అంది పిన్ని తరఫు లాయరమ్మ. తీర్పు నకలు కూడా ఆ రోజే రెండు పక్షాలకీ ఇచ్చేశారు. "తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు పిన్నిగారూ. మర్నాటి నుంచి లెక్కపెట్టుకోండి. ఆఖరి రోజు సెలవైతే ఆ తర్వాత కోర్టు తెరిచిన రోజున వెయ్యొచ్చు. కానీ అంతదాకా ఆగకండి, ముందే వచ్చి సంతకాలు పెట్టండి" అని బొట్టు పెట్టి పిలిచినట్టు చెప్పింది.

పిన్ని తీర్పు వినడానికి వెళ్ళేముందే తొట్టెలో నీళ్ళు పోసి, పిండి కలిపి, పలక మీద తారీఖు మార్చి వెళ్ళింది. తిరిగొచ్చి, కన్నీళ్ళు తుడుచుకుని, సుద్దముక్క తీసి ఆ తారీఖు చూసుకుంది. తొట్టె ఎదుటి గోడ మీద అదే తారీఖు వేసి, పక్కన 'తీర్పు' అని రాసుకుంది. దాని మర్నాటి నుంచి గీతలు గీయడం మొదలుపెట్టింది. ఆవిడ లెక్క ప్రకారం గడువు ఆదివారంతో తీరుతుంది. ఆదివారం సెలవు. కాబట్టి సోమవారం దాకా ధీమా.

లాయరమ్మ నుంచి ఎన్ని కబుర్లొచ్చినా "రేపొస్తానని చెప్పు నాయనా" అనే అంది. నిజం చెప్పాలంటే గడువు ఒక్కటే కాదు కారణం. ఆయన్ని మళ్ళీ కోర్టుకి లాగడానికి ఆవిడకి మనసు రాలేదు. పొద్దున్నే గోడ మీద బన్నులు పెట్టినప్పుడల్లా, ఇవాళైనా అన్నయ్య ఒక్క మాట మాట్లాడతాడేమో, గొడవ గోడ దగ్గరే తీరిపోతుందేమో అని చూసేది. బన్నులు మాయమయ్యేవి. ఏప్రన్లు వచ్చేవి. మాట మాత్రం వచ్చేది కాదు.

శనివారం పొద్దున మాట వచ్చింది.

"చెల్లెమ్మా."

పిన్ని చేతిలో రొట్టెలు తీసే పొడుగు పిడి చెక్క బట్టీలోనే ఆగిపోయింది. గోడకి అటుపక్క ఆయన నిలబడి ఉన్నాడు. పళ్ళెం ముట్టుకోలేదు.

"బట్టీ ఏ రోజున ఆర్పుతారో చెబితే... ఆ రోజు నేను ఊళ్ళో ఉండనమ్మా. చూళ్ళేను."

"ఆర్పడమేంటన్నయ్యా, శుభమా అని పొద్దున్నే! సోమవారం అప్పీలు వేస్తున్నా. ముందే చెప్తున్నా, తర్వాత చెప్పలేదనకు."

ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. "సోమవారమా? గడువు ఇవాళ్టితో సరి కదా!"

"నీకెవరు చెప్పారు?"

"మా లాయరు. రాత్రి ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం కౌంటరు మూశారంటే మీకిక తిరుగులేదు, స్వీట్లు పంచుకోండన్నాడు. స్వీట్ల మాట దేవుడెరుగు, నాకు అన్నమే సహించలేదు."

"మీ లాయరుకి లెక్కలు రావు. ఇటొచ్చి చూడు, గోడ మీద రాసిపెట్టుకున్నా."

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. కేసు మొదలయ్యాక అదే మొదటిసారి రావడం. గోడ మీది గీతలు చూశాడు, 'తీర్పు' అన్న మాట పక్కన తారీఖు చూశాడు, తలతిప్పి తొట్టె దగ్గరి పలక చూశాడు. దాని మీద ఇవాళ్టి తారీఖే ఉంది, కానీ నిన్న మధ్యాహ్నం రాసింది.

"చెల్లెమ్మా, ఆ రోజు తీర్పుకి వచ్చే ముందు తొట్టెలో నీళ్ళు పోశావా, పొయ్యలేదా?"

పిన్ని చేతిలో చెక్క కింద పడింది. మూల కూర్చుని పెనాలకి నూనె రాస్తున్న పిన్ని ఇంటాయన తలెత్తాడు. ఆయన మాట్లాడటమే అరుదు. మాటకి కూడా ఈస్టు వేసి, పొంగితే తప్ప బయటికి తియ్యడని పిన్ని వేళాకోళం చేస్తుంటుంది.

"పోసింది," అన్నాడాయన. "నేనే మోసుకొచ్చా ఆ నీళ్ళు."

ఇక చూడాలి ఆ కంగారు! పిన్ని అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. "అయ్యో నా తండ్రీ! బస్సేదీ? నా చెప్పులేవీ? బట్టీ నిండా రొట్టెలున్నాయే! లాయరమ్మ పొద్దున్నే కోర్టుకెళ్ళిపోతుందేమో! ఏవండీ, ఆ ఫోన్ ఎక్కడ పెట్టారు?" ఫోను మైదా డబ్బా మూత మీద దొరికింది. లాయరమ్మ నిన్న సాయంత్రం నుంచి చేసిన పిలుపులన్నీ అందులో వరసగా ఉన్నాయి. పిండి కలిపే మర మోతలో ఒక్కటీ వినపడలేదు.

లాండ్రీ అన్నయ్య ఒక్క క్షణం గుమ్మంలో నిలబడ్డాడు. ఆ క్షణంలో ఆయన ఇంటికి పోయి తలుపేసుకుంటే కేసు ఆయనదే. కిందటి వాయిదాలన్నీ, లాయరు ఫీజులన్నీ ఫలించినట్టే. ఆయన మాత్రం జేబులోంచి బండి తాళాలు తీశాడు.

"ఎక్కు. ఆసుపత్రికి దుప్పట్లు దించాలి, ఆ దారే."

"నీ బండిలోనా? నీ మీద అప్పీలు వెయ్యడానికి?"

"తగువు తర్వాత ఆడుకుందువు గాని, ముందు ఎక్కు! గెలిస్తే ఎదుట నిలబడి గెలవాలి గానీ, నువ్వు తారీఖు మర్చిపోతే గెలవడం ఏం గెలుపు? రేప్పొద్దున ఈ బన్ను నా గొంతు దిగుతుందా?"

పిన్ని షెల్ఫు మీదున్న కాగితం పొట్లం ఒక్కటి లాగి చంకలో పెట్టుకుంది. పిండి పడకుండా తీర్పు నకలుని రొట్టె కాగితంలోనే చుట్టి, దారం కట్టి దాచుకుంది మరి. "ఏవండీ, బట్టీ!" అని అరిచింది. "నేను చూసుకుంటాలే," అన్నాడు ఇంటాయన. అటుపక్క గోడ మీద నుంచి లాండ్రీ వదిన తల కనిపించింది. "కొట్టులో బేరం నేను చూస్తా, నువ్వు పో పిన్నీ! నిలబడి ఆలోచించకు!" అంటూ పచ్చ తలుపు వైపు పరుగెత్తింది.

బండి దుప్పట్ల మూటలతో నిండిపోయి, మేఘం మోస్తున్నట్టుంది. పిన్ని ముందు సీట్లో కూర్చుని, లాయరమ్మకి ఫోన్ చేసి తారీఖు పొరపాటంతా చెప్పేసి, రెండు చేతుల్తో డోరు పట్టుకుంది. ఆయన అంత వేగంగా నడపడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. గడియారాల తాత కొట్టులోంచి బయటికొచ్చి, "ఎక్కడికర్రా నిన్నా రేపూ కలిసి?" అని కేకేశాడు. "ఇవాళ్టికి!" అని పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర బండి ఆగింది. మూటలు దించాలి. పిన్ని కూడా దూకి ఒక మూట పట్టబోయింది.

"ముట్టుకోకు! పిండి చేతులు!" అని ఆయన కేక.

"పిండి తెల్లదేగా అన్నయ్యా!"

"ఈ తెలివి జడ్జిగారి ముందు చూపించి ఉంటే కేసు గెలిచేదానివే."

వార్డు సిస్టరు మూటలు అందుకోవడానికి వచ్చి, ఆయన వగర్పు చూసి, పిన్ని ముఖం చూసి, "ఎవరికేమైంది?" అని కంగారుపడింది. ఎవరికీ ఏమీ కాలేదనీ, అప్పీలుకి ఆఖరి రోజనీ చెబితే, "మూటలు తర్వాత లెక్కపెట్టుకుంటా, వెళ్ళండి! ముందు గేటు నిండా బళ్ళే. అంబులెన్సు గేటు తీయిస్తా పదండి" అని తనే పరుగెత్తి గేటు తీయించింది. పిన్ని చేతులు జోడిస్తే, "మా అమ్మకి పళ్ళు లేవు. మీ మెత్తటి రొట్టె తప్ప ఇంకేదీ తినదు. బట్టీ ఆరిపోతే నాతో పేచీ పెడుతుందండీ" అంది. దారి పొడుగునా పిన్ని ఆ మాటే తలుచుకుని కళ్ళు ఒత్తుకుంది. ఎవరికి ఎవరి రొట్టె ఎలా చేరుతోందో పైవాడికే తెలుసు.

లాయరమ్మ ఆఫీసు కోర్టు ఎదురుగా ఒక మేడ మీద గది. నల్లకోటు వేసుకుని, మెట్లు దిగబోతూ ఎదురైంది.

"ఇప్పుడా పిన్నిగారూ రావడం? మీ రేపులతో నా ప్రాణం తోడేస్తున్నారు! సోమవారం అని మీ అంతట మీరే అనుకుంటే ఎలా? కాగితాలన్నీ తయారు. లోపలికి రండి, పేజీ పేజీకీ సంతకం." అప్పుడు ఆవిడ వెనకున్న మనిషిని చూసింది. "వీరు?"

"ఈ అప్పీల్లో ప్రతివాదినండీ," అన్నాడాయన వినయంగా.

లాయరమ్మ కళ్ళజోడు సరిచేసుకుంది. "మీరిక్కడ ఉన్నారని మీ లాయరుకి తెలుసా?"

"తెలిస్తే ఆయనకి సుస్తీ చేస్తుందండీ."

"మీతో నేను కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. దయచేసి మెట్ల మీద కూర్చోండి." అని, మళ్ళీ తనే లోపల్నించి మంచినీళ్ళ గ్లాసు పంపించింది.

పిన్ని చెయ్యి తుడుచుకుని సంతకాలు మొదలుపెట్టింది. పెన్ను వేళ్ళకి అంటుకుంటోంది, పేజీల మూలల్లో పిండి వేలిముద్రలు పడుతున్నాయి. గుమాస్తా ఒక్కో కాగితం తిప్పుతూ, "కంగారు పడకండి, తెలుపు మీద తెలుపు కనపడదు" అని ధైర్యం చెప్పాడు. అప్పీలు పత్రం అయింది. తీర్పు అమలు ఆపమని కోరే అర్జీ అయింది. వకాల్తా అయింది.

"కింది కోర్టు తీర్పు నకలు ఇవ్వండి."

పిన్ని గర్వంగా పొట్లం బల్ల మీద పెట్టి దారం విప్పింది. కాగితం విచ్చుకుంది. లోపల మూడు బన్నులు, ఇంకా వెచ్చగా.



"కింది కోర్టు తీర్పు ఇంత మెత్తగా ఉందని నాకు తెలీదు," అంది లాయరమ్మ నెమ్మదిగా.

పిన్ని కుర్చీలో కూలబడింది. రెండు పొట్లాలూ ఒక షెల్ఫు మీదే ఉన్నాయి. అదే కాగితం, అదే దారం, అదే ముడి. ఇంటికెళ్ళి తెచ్చేసరికి కౌంటరు మూసేస్తారు. "నకలు లేకుండా పెడితే తీసుకోరా అమ్మా?"

"వెనక్కి ఇచ్చేస్తారు. గడువు దాటాక ఆలస్యం మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు, కాదనను. కానీ రోజు రోజుకీ కారణం చూపించాలి. తొట్టెలో నీళ్ళు పొయ్యగానే మాకు తెల్లారిపోతుందండీ అని జడ్జిగారికి చెబితే ఆయన నమ్మొచ్చు, నవ్వొచ్చు. ఆ లోపల బట్టీ ఆర్పమని ఉత్తర్వు అమల్లోకి వస్తే?"

"నా తండ్రీ," అంది పిన్ని పెద్దగా. ఆవిడ గుసగుస కూడా వీధి చివరికి వినిపిస్తుంది, ఇక ఏడుపు సంగతి చెప్పాలా? "ఆకలేసినవాళ్ళ దారి నా కొట్టు మీదుగా తిప్పమన్నా గానీ, తీర్పుని బన్నుగా మార్చమని నేనెప్పుడైనా అడిగానా!"

మెట్ల మీద నుంచి అడుగుల చప్పుడు కిందికి దిగిపోయింది. ఇంకో నిమిషంలో మళ్ళీ పైకి వచ్చింది. లాండ్రీ అన్నయ్య గుమ్మంలో నిలబడి, మడత నలగని తెల్లగుడ్డలో చుట్టిన కాగితాల కట్ట అందించాడు.

"నా నకలు. బండిలోనే ఉంది."

లాయరమ్మ లేచి నిలబడింది. "చూడండి, ఇది నేను మిమ్మల్ని అడగలేను."

"మీరడగలేదు. నేనిస్తున్నా. పనికొస్తుందా, రాదా?"

ఆవిడ కట్ట తీసుకుని కోర్టు ముద్ర చూసింది, సంతకం చూసింది. మూల మీద గుడ్డలకి పెట్టే లాండ్రీ చీటీ ఒకటి గుండుసూదితో గుచ్చి ఉంది. "ముద్ర కోర్టుది. ఎవరు తీసుకున్నా నకలు నకలే," అంది. వెంటనే "నడవండి, నడవండి! షట్టరు దించేస్తారు!" అని కోటు ఎగరేసుకుంటూ మెట్లు దిగింది.

నలుగురూ రోడ్డు దాటిన తీరు చూస్తే ఏదో ఇల్లు తగలబడుతోందనుకోవాలి. ముందు లాయరమ్మ, వెనక గుమాస్తా, ఆ వెనక పిన్ని బన్నుల పొట్లంతో, అందరికంటే వెనక ప్రతివాది. కౌంటరు ముందు వరస చాంతాడంత ఉంది. లోపలి ఉద్యోగి అప్పటికే షట్టరు మీద ఒక చెయ్యి వేశాడు.

"బాబ్బాబు, ఇవాళే ఆఖరి రోజు!" అంది పిన్ని.

వరసలో ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. చేతిలో ఆయనవీ కాగితాలే. "నాకింకా గడువుందమ్మా, సోమవారం వస్తా. నా చోటులోకి రా" అని పక్కకి జరిగాడు. ఆయన్ని చూసి ఆయన ముందామె, ఆమె ముందున్న కుర్రాయన. ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు, ఎవరి కష్టం వాళ్ళు మోస్తున్నవాళ్ళు, అలా పక్కకి తప్పుకుంటూ దారిచ్చారు.

ఉద్యోగి కాగితాలు తిరగేశాడు. స్టాంపులు చూశాడు, సంతకాలు చూశాడు, నకలు మూలన ఆగాడు. "ఈ చీటీ ఏంటి? 'తెల్లవి, గంజి ఎక్కువ' అని రాసుంది?"

"పొరపాటున ఉండిపోయిందండీ," అని లాండ్రీ అన్నయ్య చెయ్యి చాచి చీటీ పీకి జేబులో వేసుకున్నాడు.

"ప్రతివాది చిరునామా సరిగ్గా రాశారా? నోటీసు వెళ్ళాలి."

"మా గోడ పక్కనే," అంది పిన్ని.

"నేనేనండీ," అన్నాడాయన. "ఇక్కడే ఉన్నాను, చేతికిచ్చేయండి. పోస్టు ఖర్చు మిగుల్తుంది."

ఉద్యోగి ఆయన్నీ, పిన్నినీ, లాయరమ్మనీ మార్చి మార్చి చూశాడు. "మీరు ప్రతివాది. ఈవిడ మీ మీద అప్పీలు వేస్తున్నారు. మీరు... తోడొచ్చారు?"

"బండి నాదండీ."

ఉద్యోగి ఇంకేం అడగలేదు. ముద్ర ఎత్తాడు. పిన్ని కళ్ళు మూసుకుంది. ధన్ మని ముద్ర పడింది. బల్ల అదిరింది, పిన్ని గుండె అదిరింది, వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. కళ్ళు తెరిచేసరికి కాగితం మీద ఇవాళ్టి తారీఖు నీలంగా, తడిగా మెరుస్తోంది. ఆవిడ జీవితంలో ఇవాళ్టి తారీఖు అంత అందంగా కనిపించడం అదే మొదలు.

పొట్లం విప్పి బన్నులు అందించబోతే, "కౌంటరు దగ్గర ఏమీ తీసుకోమమ్మా" అని ఉద్యోగి నవ్వుతూ షట్టరు దించాడు. ఒకటి చోటిచ్చిన ముసలాయనకి, ఒకటి వరండా తుడిచే ఆమెకి ఇచ్చింది. మూడోది సగం చేసి, సగం లాయరమ్మకిచ్చి, మిగతా సగం ప్రతివాది చేతిలో పెట్టింది. ఆయన పొద్దున్నించి ఏమీ తినలేదన్న సంగతి ఆవిడ మర్చిపోలేదు.

తిరుగు దారిలో బండి నిదానంగా నడిచింది. నోళ్ళు మాత్రం కాదు.

"పై కోర్టులో మాత్రం వదలనమ్మోయ్."

"వదిలితే నేనూరుకుంటానా? నా గొట్టం సంగతి ఈసారి జడ్జిగారికి పూసగుచ్చినట్టు చెప్పిస్తా. ఎత్తు పెంచుతానన్నా, కింద మసి పట్టే జాలీ పెట్టిస్తానన్నా, ఒక్క ముక్క తీర్పులో రాయలేదు."

ఆయన బ్రేకు మీద కాలేశాడు. "ఎత్తు పెంచుతానన్నావా? ఎప్పుడు?"

"కోర్టులో. నా వాంగ్మూలం రోజున."

"ఆ రోజు నేను రాలేదు కదా, దుప్పట్లు దించడానికి పోయా. నాతో ఎప్పుడన్నావ్?"

"నాతో మాట్లాడితేగా అనడానికి! తీర్పు చదవలేదా నువ్వు?"

"మొదటి పేజీలో నీ పేరూ నా పేరూ ఎదురెదురుగా చూసి, గుడ్డలో చుట్టేశా. మళ్ళీ విప్పలేదు."

బండి వెనక ఎవరో హారను కొట్టారు. ఆయన మళ్ళీ కదిలించాడు. సందు మలుపు తిప్పాడు.

"ఎంత ఎత్తు?" అన్నాడు చివరికి.

"నీ మేడ మీద తీగ దాటేంత. నీ కోపం కంటే మాత్రం కాస్త తక్కువే."

"గాలి ఇటు తిరిగితే?"

"తిరగనీ. మేస్త్రీని పిలుచుకొచ్చి నువ్వే నిలబడి కొలిపించు. కానీ అప్పీలు అప్పీలే, వెనక్కి తీసుకోను."

"తీసుకోకు," అన్నాడాయన కంగారుగా. "తేలేదాకా ఉండనీ."

కొట్టు దగ్గర లాండ్రీ వదిన రొట్టెలన్నీ అమ్మేసి, ఖాళీ పెనాలు బోర్లించి కూర్చుంది. ముద్ర పడిందని పిన్ని అరవగానే గడియారాల తాత తన కొట్టులో ఉన్న గంటల గడియారాలన్నిటిచేతా ఒకేసారి గంట కొట్టించాడు. ఇంటాయన తొట్టెలో నీళ్ళు పోయడానికి బిందె ఎత్తి, భార్య వైపు చూసి, ఆగి, "పొయ్యనా? ఇంకేమైనా రాసుకునేది ఉందా ఇవాళ?" అన్నాడు. వాళ్ళ కాపురంలో ఆయన ఒక్క గుక్కలో అంత పొడుగు మాట అనడం పిన్నికి గుర్తు లేదు.

ఆదివారం పొద్దున గోడ మీద పళ్ళెంలో రెండు పొట్లాలు పెట్టి ఉన్నాయి. అదే కాగితం, అదే దారం, అదే ముడి. తన నకలు కోర్టులో పెట్టేశారు కాబట్టి పిన్ని నకలు తనకి కావాలనీ, ఈసారి చదువుతాననీ ఆయన రాత్రి కబురు చేశాడు. గోడ అవతల ఇస్త్రీ ఏప్రన్లు పెట్టిన చప్పుడు, పొట్లం దారం తెగిన చప్పుడు వినిపించాయి. పిన్ని బట్టీ గదిలోంచి తల బయటికి పెట్టి గొంతెత్తింది.

"అన్నయ్యా! ఏది బన్నో, ఏది తీర్పో చూసుకుని మరీ కొరుకు!"